నెలవంక చిత్రం సాక్ష్యమిస్తుందా?

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన అనుగ్రహాలలో చూపు ఎంతో గొప్పది. ఆ చూపుకు మాట తోడైనప్పుడు అది సాక్ష్యమవుతుంది. చూడటం కంటి పని. ‘నేను చూశాను’ అని చెప్పటం నాలుక పని. ఈ రెండింటి మధ్య ఒక అమానత్ ఉంది. కన్ను చూసినదానికి మించి నాలుక పలకకూడదు. కన్ను చూసినదాన్ని నాలుక దాచకూడదు. షరీఅత్‌లో సాక్ష్యానికి సంబంధించిన ఆదేశాల పరమార్థం ఈ అమానత్‌ను కాపాడటమే.

ఈనాడు కంటికీ ఆకాశానికీ మధ్య కెమెరా వచ్చి నిలిచింది. షాబాన్ 29 నాటి సాయంత్రం, రమజాన్ 29 నాటి సాయంత్రం పెద్దలు మేడల మీద నిలబడి పడమటి దిక్కు చూస్తుంటారు. పక్కనే యువకులు ఫోన్లతో వీడియోలు తీస్తుంటారు. కొన్నిచోట్లనైతే టెలిస్కోపుకు కెమెరా బిగించి, నిమిషాల తరబడి వీడియో తీసి, దానిలో నుంచి ఒక నిశ్చల చిత్రాన్ని బయటకు తీస్తారు. కంటికి ఏమీ కనిపించని ఆకాశంలో, ఆ చిత్రంలో మాత్రం ఒక సన్నని గీత మెరుస్తూ ఉంటుంది. కాసేపటికే అది వాట్సాప్ ద్వారా మన ఇళ్ళకు చేరుతుంది. “అబ్బా! చాంద్ ఫోటో వచ్చేసింది, రేపు ఈదే కదా?” అని పిల్లలు అడుగుతారు. “ఈ ఫోటోలన్నీ మోసం, నమ్మకండి” అని దాదాజాన్ అంటారు.

మా దృష్టిలో ఈ రెండు మాటలూ తొందరపాటు మాటలే. వీడియోలో నుంచి తీసిన ఆకాశ చిత్రం సత్యమా, కల్పనా? దాన్ని తీసినవాడు ‘నేను చూశాను’ అని అనవచ్చా? ఇది కేవలం సాంకేతిక విషయం కాదు, ధార్మిక, నైతిక విషయం. లక్షలాది మంది ఉపవాసాలు, ఈద్ నమాజులు దీనితో ముడిపడి ఉన్నాయి. కనుక నిదానంగా ఆలోచిద్దాం.

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. బొమ్మల విషయంలో ఉలమా మధ్య జరిగిన చర్చ ప్రాణులకు సంబంధించినది. చెట్లు, కొండలు, చంద్రుడు, నక్షత్రాలు వంటి ప్రాణం లేని వాటిని చిత్రించటానికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) అనుమతించినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. కాబట్టి ఆకాశాన్ని ఫోటో తీయటం సమ్మతమా, నిషిద్ధమా అనేది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ ఫోటో గురించి మనం ఏం చెబుతున్నామన్నదే ప్రశ్న.

ఆ చిత్రం ఎలా తయారవుతుంది?

వీడియో అంటే వేగంగా కదిలే నిశ్చల చిత్రాల వరుస. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున తీస్తే ఒక్క నిమిషంలో 1800 చిత్రాలు తయారవుతాయి. పగటిపూట తీసిన వీడియోలో ఏ ఫ్రేము ఆపి చూసినా బొమ్మ బాగానే ఉంటుంది. రాత్రి ఆకాశం సంగతి వేరు. నక్షత్రాల నుంచి వచ్చే వెలుగు చాలా తక్కువ. ఒక్కో ఫ్రేముకు దొరికేది సెకనులో ముప్పయ్యో వంతు సమయం మాత్రమే. అందువల్ల ఆ ఫ్రేములో ఇసుక చల్లినట్లు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఈ ఇసుకనే నిపుణులు ‘నాయిస్’ అంటారు. అసలు నక్షత్రం ఏది, ఇసుక రేణువు ఏది అన్నది ఒక్క ఫ్రేమును చూసి చెప్పటం కష్టం.

పైగా ఫోన్లు వీడియోను కుదించి భద్రపరుస్తాయి. ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచవు. కొన్నిటిని మాత్రమే పూర్తిగా ఉంచి, మిగతావాటి విషయంలో పక్క ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో అంతవరకే రాసి పెట్టుకుంటాయి. ఈ కుదింపులో మసక నక్షత్రాలు చెరిగిపోవటం కద్దు. కాబట్టి ‘నేను ఏమీ మార్చలేదు, వీడియోను ఆపి తీసిన ఫోటో ఇది’ అనేవాడి చేతిలోని చిత్రం కూడా పూర్తిగా తాకని చిత్రమేమీ కాదు. యంత్రం అప్పటికే దాన్ని తాకింది.

అందుకే ఖగోళాభిమానులు మరో పద్ధతి పాటిస్తారు. గాలిలోని కదలికల వల్ల చంద్రుడు, గ్రహాలు నీటి అడుగున ఉన్న రాళ్ళలా అలలాడుతూ కనిపిస్తాయి. అయితే మధ్యమధ్యలో క్షణకాలం గాలి నిలకడగా ఉంటుంది. ఆ క్షణాలలో పడిన ఫ్రేములు స్పష్టంగా ఉంటాయి. అలాంటి ఫ్రేములు ఎంత అరుదుగా దొరుకుతాయో 1978లోనే డేవిడ్ ఫ్రీడ్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టాడు. వేలాది ఫ్రేములలో నుంచి మంచివాటిని ఏరి, ఒకదానిపై ఒకటి సరిగ్గా అమర్చి, సగటు తీస్తారు. 2002లో వచ్చిన రెజిస్టాక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనిని సామాన్యులకు కూడా అందుబాటులోకి తెచ్చింది. 100 ఫ్రేముల సగటు తీస్తే ఇసుక పదో వంతుకు తగ్గుతుంది. 400 ఫ్రేములైతే ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది. ఇసుక తగ్గేకొద్దీ దాని వెనుక ఉన్నది బయటపడుతుంది.

అనేక కథనాల ఉదాహరణ

మదరసాలో హదీసు శాస్త్రం చదివినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఉల్లేఖకుడు సత్యసంధుడే అయినా జ్ఞాపకశక్తి బలహీనంగా ఉంటే అతని కథనాన్ని ‘జయీఫ్’ అంటారు. కాని అదే విషయం వేర్వేరు ఉల్లేఖకుల ద్వారా వేర్వేరు దారుల్లో వచ్చినప్పుడు ఆ కథనాలు ఒకదానికొకటి బలాన్నిస్తాయి. ఎందుకంటే ఒకరి మరపు ఒకచోట ఉంటుంది, మరొకరి మరపు మరోచోట ఉంటుంది. అందరూ కలిసేచోట సత్యం ఉంటుంది. ఫ్రేములలోని ఇసుక కూడా ఇంతే. ఒక ఫ్రేములో ఒకచోట పడుతుంది, ఇంకో ఫ్రేములో ఇంకోచోట పడుతుంది. నక్షత్రం మాత్రం అన్నిటిలోనూ ఉంటుంది.

అయితే హదీసు పండితులు మరో జాగ్రత్త కూడా నేర్పారు. దారులు పది కనిపించినా అవన్నీ వెనక్కి వెళ్ళి ఒకే అబద్ధాలకోరు దగ్గర కలిస్తే, ఆ పదింటికీ విలువ లేదు. సంఖ్య పెరిగినంత మాత్రాన బలం పెరగదు. కెమెరాలోనూ ఇదే జరుగుతుంది. సెన్సారులో ఒక బిందువు చెడిపోయి ఎప్పుడూ వెలుగుతూనే ఉందనుకోండి, లేదా దానిపై ధూళి రేణువు అంటుకుందనుకోండి, ఆ దోషం 1800 ఫ్రేములలోనూ అదే చోట ఉంటుంది. సగటు తీస్తే అది పోదు. పైపెచ్చు మరింత స్పష్టమవుతుంది, వెలిగే బిందువైతే నక్షత్రంలా నిలుస్తుంది! అందుకే జాగ్రత్తపరులు కెమెరాకు మూత పెట్టి కూడా కొన్ని ఫ్రేములు తీస్తారు. చీకటిలో కూడా వెలిగే చుక్క కెమెరా దోషమని గుర్తించి దాన్ని తీసివేస్తారు. ఉల్లేఖకుణ్ణి పరీక్షించటం వంటిదే ఇది. మరో గుర్తు కూడా ఉంది. భూభ్రమణం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతుంది. కెమెరాను కదపకుండా ఉంచితే నక్షత్రం ఆకాశంతోపాటు జరిగిపోతుంది, దోషం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ జాగ్రత్త వీడియోల కాలానికి ముందు కూడా ఉండేది. 1887లో పారిస్‌లో ఆకాశమంతటినీ గాజు పలకలపై ఫోటోలు తీసే అంతర్జాతీయ పథకం మొదలైంది. దానిలోని ఆకాశ పటాల కోసం చాలా పలకలపై ఒకే దృశ్యాన్ని కొద్దికొద్దిగా జరిపి మూడుసార్లు తీసేవారు. అప్పుడు ప్రతి నక్షత్రం చిన్న త్రికోణంలా మూడు చుక్కలుగా పడుతుంది. ఒంటరి చుక్క కనిపిస్తే అది ధూళి అని తెలిసిపోతుంది. ఈ పథకంలోని నక్షత్ర పట్టికల పనిలో మన హైదరాబాదు కూడా పాలుపంచుకుంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా నక్షత్రశాల తన వంతుగా కొన్ని ఆకాశ భాగాలను ఫోటోలు తీసి లక్షలాది నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది.

దీన్నిబట్టి ‘ఫోటోలన్నీ మోసం’ అనే మాట సరికాదని తెలుస్తోంది. ఎన్నో ఫ్రేములు కలిపి తీసిన చిత్రం, శ్రద్ధగా తీస్తే, ఒక్క ఫ్రేముకన్నా సత్యానికి దగ్గరగా ఉంటుంది. అసలు మన చూపు సంగతి మాత్రం ఏమిటి? కంటిలో పడిన వెలుగుతోనే చూపు పూర్తికాదని, వివేచన, పోలిక తోడైతేనే మనం ఒక వస్తువును ఇది ఫలానా అని గుర్తిస్తామని ఇబ్నుల్ హైథమ్ వెయ్యేళ్ళ క్రితమే తన ‘కితాబుల్ మనాజిర్’లో వివరించాడు. కాబట్టి చిత్రాన్ని సరిచేయటమే అబద్ధం కాదు. అబద్ధం మరోచోటు నుంచి వస్తుంది.

కోరిక గీసిన ముఖం

2013లో రిచర్డ్ హెండర్సన్ అనే శాస్త్రవేత్త తన తోటివారిని ఒక విషయంలో హెచ్చరించాడు. ఆయన అణువుల సూక్ష్మ చిత్రాలను వేలకొద్దీ కలిపి స్పష్టమైన రూపం రాబట్టే విద్యలో నిపుణుడు, 2017లో నోబెల్ బహుమతి పంచుకున్నవాడు. ఆయన చూపిన ఉదాహరణ ఇది: ఏ బొమ్మా లేని, వట్టి ఇసుక మాత్రమే ఉన్న 1000 చిత్రాలు తీసుకోండి. ఐన్‌స్టీన్ ఫోటోను ఎదురుగా పెట్టుకుని, దానికి బాగా సరిపోయేలా ఒక్కో చిత్రాన్నీ జరుపుతూ అమర్చండి. ఆపైన సగటు తీయండి. ఐన్‌స్టీన్ ముఖం ప్రత్యక్షమవుతుంది! ఆ వెయ్యిలో ఏ ఒక్కదానిలోనూ ఆ ముఖం లేదు. అది వెతికేవాడి చేతిలోని నమూనా నుంచి వచ్చింది.

సోదర సోదరీమణులారా! దీన్ని కాస్త లోతుగా ఆలోచించండి. ఇక్కడ ఎవరూ బొమ్మ గీయలేదు, ఎవరూ అబద్ధమాడాలని అనుకోలేదు. కేవలం ఏం కనిపించాలో ముందే నిర్ణయించుకుని వెతికారు, అంతే. మనస్సు కోరిక చేసే పని సరిగ్గా ఇదే. రేపు ఈద్ కావాలని ఆశపడేవాడు మసక ఆకాశం వీడియోలో నుంచి ఫ్రేములు ఏరుతున్నప్పుడు, వంపుగా గీత ఉన్నట్లు తోచినవాటిని ఉంచి, తోచనివాటిని తీసేస్తే, చివరికి నెలవంక తయారవుతుంది. అతడు ప్రమాణం చేసి మరీ చెబుతాడు. తాను అబద్ధం చెబుతున్నానని అతనికి కూడా తెలియదు. ఫ్రేములను స్పష్టతను బట్టి ఏరటం వేరు, మన కోరికను బట్టి ఏరటం వేరు. మొదటిది పరిశీలన. రెండోది నఫ్స్‌కు దాస్యం.

ఇప్పుడైతే యంత్రాలే ఈ పని చేస్తున్నాయి. 2023 మార్చిలో ఒక వినియోగదారుడు చంద్రుని ఫోటోను కావాలనే మసకబార్చి, కంప్యూటరు తెరపై ఉంచి, ఒక ప్రసిద్ధ కంపెనీ ఫోనుతో తీశాడు. ఆ మసక బొమ్మలో లేని వివరాలు, చంద్రుని గుంటలతో సహా, ఫోను తీసిన చిత్రంలో వచ్చాయి. చంద్రుడు ఎలా ఉంటాడో ఆ ఫోనుకు ముందే నేర్పారు. అది కనిపించినదాన్ని కాక, తనకు తెలిసినదాన్ని కూడా కలిపి చూపింది. అలాంటి చిత్రం అందంగా ఉండవచ్చు గాని సాక్ష్యానికి పనికిరాదు.

కంటిముందు వెంట్రుక

ఈ సందర్భంగా మన గ్రంథాలలో ప్రసిద్ధమైన ఒక సంఘటన గుర్తుచేసుకోవాలి. కొందరు నెలవంక కోసం చూస్తున్నారు. వారిలో దైవప్రవక్త (సఅసం) సహచరులు హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) ఉన్నారు. అప్పటికి ఆయన నూరేళ్ళ వయస్సుకు చేరువలో ఉన్నారు. తనకు నెలవంక కనిపిస్తోందని ఆయన చూపించసాగారు. మిగతావారెవరికీ కనిపించలేదు. తరువాతి కాలంలో బస్రా ఖాజీగా పేరుపొందిన ఇయాస్ బిన్ ముఆవియా (రహ్మలై) ఆయన ముఖంవైపు నిశితంగా చూశారు. కనుబొమ్మలోని తెల్ల వెంట్రుక ఒకటి వంగి కంటిముందుకు వచ్చి ఉంది. ఇయాస్ దాన్ని మెల్లగా సవరించి, నెలవంక ఎక్కడుందో చూపించమని కోరారు. ఇప్పుడు కనిపించటం లేదని ఆయన అన్నారు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, సాక్షి ఎంత సత్యసంధుడైనా అతని పరికరాన్ని పరీక్షించాలి. కంటిముందు వెంట్రుక, సెన్సారుపై ధూళి ఒకటే. రెండవది, ఇయాస్ ఆ మహనీయుణ్ణి అబద్ధాలకోరు అనలేదు. నలుగురిలో చిన్నబుచ్చలేదు. వెంట్రుకను సవరించారు, అంతే. ఈనాడు మనం ఈద్ రోజుల్లో ఒకరినొకరు ఎంతేసి మాటలంటున్నామో గుర్తుచేసుకుంటే, ఈ రెండో పాఠమే మనకు ఎక్కువ అవసరమనిపిస్తుంది.

తీసింది వేరు, చూసింది వేరు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. చిత్రం పూర్తిగా నిజమైనదే అనుకుందాం. అప్పుడు అది ‘చూడటం’ అవుతుందా?

2013 జూలై 8న తియెరీ లెగో అనే ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు పారిస్ సమీపంలోని ఎలాంకూర్‌లో సరిగ్గా అమావాస్య క్షణంలోనే నెలవంకను ఫోటో తీశాడు. అప్పుడు చంద్రుడు సూర్యునికి కేవలం 4.4 డిగ్రీల దూరంలో ఉన్నాడు. నెలవంక వయస్సు సున్నా! సూర్యకాంతి నేరుగా టెలిస్కోపులో పడకుండా రంధ్రం ఉన్న తెర అడ్డుపెట్టి, కంటికి కనిపించని పరారుణ కాంతిలో ఆ చిత్రం తీశాడు. సూర్యునికి సుమారు 7 డిగ్రీల లోపు ఉన్న నెలవంక కనిపించదని ఆంద్రే దాంజోన్ అనే ఖగోళవేత్త 1930 దశకంలోనే తెలిపాడు. అంటే ఆ ఉదయం ఏ కంటికీ కనిపించే అవకాశం లేని నెలవంకను కెమెరా పట్టుకుంది. ఆ చిత్రం అబద్ధం కాదు. చంద్రుడు అక్కడే ఉన్నాడు.

ఆ అమావాస్య తరువాత వచ్చినదే ఆ సంవత్సరపు రమజాన్. సౌదీ అరేబియాలో తొలి ఉపవాసం జూలై 10న, మన హైదరాబాదులో 11న మొదలయింది. ఆ ఫోటో ఎవరిపైనా ఉపవాసాన్ని విధి చేయలేదు. ఎందుకంటే చంద్రుడు ఉన్నాడా అనేది ఒక ప్రశ్న, కెమెరాకు చిక్కాడా అనేది ఇంకొక ప్రశ్న, మనుషులకు కనిపించాడా అనేది వేరొక ప్రశ్న. మొదటిది లెక్కల విషయం, రెండవది పరికరాల విషయం, మూడవది సాక్ష్యం విషయం. దైవప్రవక్త (సఅసం) నెలవంకను చూసి ఉపవాసాలు ప్రారంభించమని, చూసి విరమించమని, కనిపించకపోతే 30 రోజులు పూర్తి చేయమని బోధించారు. ఎడారిలోని పశువుల కాపరికీ, నగరంలోని ఖాజీకీ సమానంగా సాధ్యమయ్యే ఆదేశమిది.

ఈ విషయంలో ఉలమా మధ్య అభిప్రాయభేదాలు ఉన్నాయి. కంటితో చూడటమే ప్రమాణమనేవారు ఉన్నారు. టెలిస్కోపు సాయం తీసుకోవచ్చనేవారు ఉన్నారు. ఉత్తర అమెరికా ఫిఖ్హ్ కౌన్సిల్ 2006 నుంచి లెక్కలనే ఆధారం చేసుకుంది. ఈ భేదాలను ఇక్కడ తీర్చటం మా ఉద్దేశం కాదు. మేము చెప్పదలచినది అన్ని అభిప్రాయాలవారికీ వర్తించే ఒక్క మాట: దేన్ని దేని పేరుతో పిలుస్తున్నారో నిజాయితీగా చెప్పండి. 1998లో స్థాపితమైన అంతర్జాతీయ నెలవంక పరిశీలన ప్రాజెక్టు నివేదికలలో కంటితో చూసినది, బైనాక్యులర్‌తో చూసినది, టెలిస్కోపుతో చూసినది, కెమెరాతో చిత్రం తీసినది విడివిడిగా రాస్తారు. నిర్ణయం ఏదైనా, ఈ విభజన అమానత్‌ను కాపాడుతుంది.

మన పూర్వీకులకు ఈ అలవాటు ఉండేది. సుమారు 964లో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ స్థిర నక్షత్రాలపై గ్రంథం రచించి, ప్రతి నక్షత్ర రాశినీ రెండుసార్లు చిత్రించాడు. ఒకటి ఆకాశంలో మనకు కనిపించేట్లు, రెండవది ఖగోళ గోళంపై ఉండేట్లు. రెండూ కుడి ఎడమలుగా తారుమారై ఉంటాయి. రెండూ సత్యమే. అయితే ఏది ఏదో చెప్పకపోతే రెండూ దారి తప్పిస్తాయి.

కాబట్టి చిత్రం సాక్ష్యమివ్వదు. సాక్ష్యమిచ్చేది మనిషే. చిత్రం ఒక ఖరీనా, అంటే సాక్ష్యానికి తోడ్పడే సూచన మాత్రమే. చూసినవాడి మాటకు అది బలాన్నివ్వగలదు. పొరపాటుపడినవాణ్ణి సరిదిద్దగలదు. కాని ప్రళయదినాన ప్రశ్న కెమెరాకు వేయబడదు, దాన్ని పట్టుకున్న చేతికి, దాని గురించి పలికిన నాలుకకు వేయబడుతుంది.

మనం చేయవలసింది

రాత్రి ఆకాశాన్ని వీడియో తీసే అభిరుచి ఉన్న యువకులారా! ఇది మంచి అభిరుచి. సృష్టిని పరిశీలించటం విశ్వాసికి శోభనిస్తుంది. అయితే అసలు వీడియోను చెరపకుండా భద్రపరచండి. ఏ తేదీన, ఏ సమయాన, ఏ ఊరిలో, ఏ పరికరంతో తీశారో రాయండి. ఎన్ని ఫ్రేములలో నుంచి ఎన్నింటిని ఏరారో, ఏ ఆధారంతో ఏరారో చెప్పండి. గంటల తరబడి రాలిన ఉల్కలన్నిటినీ ఒకే చిత్రంలో చేర్చినట్లయితే, అది ఒక్క క్షణపు దృశ్యం కాదని చెప్పండి. నెలవంక విషయంలోనైతే ‘కంటితో చూశాను’ లేక ‘కంటికి కనిపించలేదు, కెమెరాలో వచ్చింది’ అని స్పష్టంగా అనండి. ఈ రెండో మాట అనటంలో చిన్నతనం ఏమీ లేదు.

తల్లిదండ్రులారా! ఫోనులో చిత్రం రాగానే పదిమందికీ పంపకండి. వార్త వచ్చినప్పుడు విచారించుకోమని సూరె హుజురాత్‌లో మనకు ఆదేశం ఉంది. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు అని అడగండి. జవాబు రాకపోతే అక్కడితో ఆపివేయండి. మీ ప్రాంతపు రూయతె హిలాల్ కమిటీ ప్రకటన వచ్చేదాకా వేచి ఉండండి. ఒక గంట ఆలస్యం వల్ల ఈద్ సంతోషం తరగదు. తొందరపడి పంపిన చిత్రం వల్ల ఒక్కరు ఉపవాసం విడిచినా, ఆ బరువు పంపినవారిపై కూడా ఉంటుంది.

చూసినంతే పలికే నాలుకను, పలికినదానికి జవాబుదారీగా ఉండే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన కళ్ళముందు అడ్డుపడే వెంట్రుకలను గుర్తించే వివేకాన్ని, ఎదుటివారి పొరపాటును మృదువుగా సవరించే మర్యాదను అనుగ్రహించుగాక! ఆమీన్.